లారీ బెల్టు తెగడం, ఇంజన్ వేడెక్కడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెల్టు తెగిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాం. డీజిల్ లారీలు, చిన్న ట్రక్కులు రెండింటినీ దృష్టిలో పెట్టుకుని రాశాం. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లొచ్చు. ఇక్కడి కొలతలు ఎక్కువ బళ్లలో కనిపించేవి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే లెక్క.

## మీటరు లేచినప్పుడు

టెంపరేచర్ మీటరు పైకి పోతోంది. బెల్టు తెగిందని బండి దిగకుండానే తెలుసుకోవచ్చా?

చాలావరకు తెలుస్తుంది. మీటరుతో పాటు బ్యాటరీ లైటు కూడా వెలిగిందా చూడండి. వాటర్ పంపును, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను ఒకే బెల్టు తిప్పే ఇంజన్లలో రెండూ ఒక్కసారే ఆగిపోతాయి. ముందు బ్యాటరీ లైటు వెలుగుతుంది, కొద్ది నిమిషాల్లో వేడి పెరుగుతుంది. తెగిన క్షణంలో టప్పున శబ్దం వస్తుంది, ఆ తర్వాత తెగిన ముక్క ఫ్యాన్‌కో కవరుకో కొట్టుకుంటూ చప్పుడు చేస్తుంది. ఏసీ గాలి చల్లదనం పోతుంది. చిన్న ట్రక్కుల్లో స్టీరింగ్ పంపు కూడా అదే బెల్టు మీద ఉంటే స్టీరింగ్ బరువెక్కుతుంది. పెద్ద లారీల్లో ఆ పంపు ఎక్కువగా గేర్లతో తిరుగుతుంది కనుక స్టీరింగ్ తేలిగ్గా ఉంది కదా, బెల్టు బాగానే ఉందనుకోకండి. బ్యాటరీ లైటు వెలగకుండా వేడి ఒక్కటే పెరిగితే మాత్రం కూలెంట్ కారడం, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు), ఫ్యాన్ క్లచ్ (ఇంజన్ వేడెక్కితే ఫ్యాన్‌ను పట్టి తిప్పేది), రేడియేటర్ వీటిని అనుమానించాలి.

బ్యాటరీ లైటు వెలిగింది కానీ వేడి మామూలుగానే ఉంది. అలాగే నడపొచ్చా?

ఒకసారి ఆపి, దిగి చూడకుండా నడపొద్దు. కొన్ని ఇంజన్లలో వాటర్ పంపు గేర్లతో గానీ వేరే బెల్టుతో గానీ తిరుగుతుంది. అలాంటి బండిలో ఆల్టర్నేటర్ బెల్టు ఒక్కటే తెగితే వేడి వెంటనే పెరగదు. అప్పుడు కూడా ఫ్యాన్ ఏ బెల్టు మీద ఉందో చూడాలి. తెగిన ముక్క పక్క బెల్టును లాగేసే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయాలి. కూలెంట్ తిరుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, ఒక్క ఛార్జింగ్ మాత్రమే లేదని తేలితే లైట్లు, ఏసీ తగ్గించుకుని పగటిపూట దగ్గర్లోని వర్క్‌షాప్ దాకా పోవచ్చు. ఎలక్ట్రానిక్ ఇంజన్ అయితే బ్యాటరీ వోల్టేజి పడిపోగానే ఇంజన్ దానంతటదే ఆగిపోతుందని గుర్తుంచుకోండి.

వర్క్‌షాప్ కొద్ది కిలోమీటర్ల దూరమే. మెల్లగా లాగించేయొచ్చా?

వాటర్ పంపు ఆగిపోతే వద్దు. నెమ్మదిగా పోయినా, బండి ఖాళీగా ఉన్నా అంతే. పంపు తిరగకపోతే హెడ్డులోని, అంటే ఇంజన్ పైభాగంలోని కూలెంట్ ఉన్నచోటే మరుగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు పడి లోహాన్ని కూలెంట్ తాకదు. మీటరు చూపేది సెన్సర్ ఉన్న చోటి వేడి మాత్రమే, హెడ్డులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటిది కాదు. ముల్లు ఎరుపు గీతకు వచ్చేసరికి హెడ్డు వంగడమో, దాని కింది గ్యాస్కెట్ కాలడమో, పిస్టన్లు లైనర్లను (సిలిండర్ లోపలి గోడలను) గీరడమో మొదలై ఉండొచ్చు. కాస్త నడిపి, ఆపి, చల్లార్చి, మళ్లీ నడిపే పద్ధతి కూడా పనికిరాదు. ప్రతి విడతా హెడ్డు మళ్లీ కాగి మళ్లీ చల్లారుతుంది. వేరే బండితో లాగించుకుపోయే ఖర్చు హెడ్డు పని ఖర్చు ముందు చాలా చిన్నది.

వేడి పెరిగితే ఇంజన్ వెంటనే ఆపాలా, కాసేపు ఐడిల్‌లో ఉంచాలా?

కూలెంట్ తిరుగుతోందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బెల్టు తెగినా, ఆవిరి కమ్మినా, కింద కూలెంట్ ధారగా కారుతున్నా పక్కకు తీయగానే ఇంజన్ ఆపేయాలి. టర్బో కోసం ఐడిల్‌లో ఉంచే అలవాటు ఇక్కడ పక్కన పెట్టండి.

బెల్టు బాగుండి, నిండు లోడుతో ఎత్తు ఎక్కుతున్నందువల్ల వేడి పెరిగితే పద్ధతి వేరు. గేరు తగ్గించండి, ఆక్సిలరేటర్ వదలండి, ఏసీ ఆపి క్యాబిన్ హీటర్ పూర్తిగా తిప్పండి. సురక్షితమైన చోట ఆపి, న్యూట్రల్‌లో 1000 నుంచి 1200 ఆర్‌పీఎం దగ్గర రెండు మూడు నిమిషాలు ఉంచండి. పంపు, ఫ్యాన్ తిరుగుతూ వేడిని బయటకు లాగుతాయి. నిమిషం గడిచినా ముల్లు దిగడం మొదలవకపోతే ఆపేయండి.

ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. ఇంజన్ చల్లబడినట్టేనా?

కాకపోవచ్చు, అసలు ప్రమాదం అక్కడే ఉండొచ్చు. కూలెంట్ మొత్తం పోతే సెన్సర్ చుట్టూ ద్రవం ఉండదు కనుక అది తక్కువ వేడి చూపిస్తుంది. క్యాబిన్ హీటర్ నుంచి చల్లటి గాలి వస్తూ, పవర్ తగ్గి, కాలిన వాసన వస్తుంటే ముల్లును నమ్మకుండా ఇంజన్ ఆపండి.

ఇంజన్ దానంతటదే పవర్ తగ్గించుకుంది. సెన్సర్ చెడిందా?

ఎలక్ట్రానిక్ ఇంజన్లలో అది రక్షణ ఏర్పాటు. వేడి హద్దు దాటితే ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) డీజిల్ తగ్గిస్తుంది, ఇంకా పెరిగితే ఇంజన్ ఆపేస్తుంది. సెన్సర్ వైరు పీకి మోసం చేయకండి.

## ఆపాక

రేడియేటర్ మూత ఎంతసేపటికి తీయొచ్చు?

కనీసం ముప్పావు గంట ఆగండి. పెద్ద ఇంజన్‌కు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది. గడియారం కంటే చేతిని నమ్మండి. పైహోసు మీద అరచేయి ఆనించి ఉంచగలగాలి, నొక్కితే మెత్తగా ఉండాలి. గట్టిగా ఉబ్బి ఉంటే లోపల ఒత్తిడి ఇంకా ఉంది. మూత 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, ఉన్నదంతా క్షణంలో మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాక కూడా మందపాటి గుడ్డ వేసి, ముఖం పక్కకు పెట్టి, మొదటి మెట్టు దాకానే తిప్పి బుస్సుమనడం ఆగాక మిగతాది తిప్పండి. ట్యాంకుకే మూత ఉండే బళ్లకూ ఇదే జాగ్రత్త.

త్వరగా చల్లారడానికి ఇంజన్ మీద నీళ్లు చల్లొచ్చా?

ఇంజన్ మీద వద్దు, కాగిన ఇంజన్ లోపలికి చన్నీళ్లు అసలే వద్దు. హెడ్డులో ఒకచోట వేడి, ఒకచోట చలి అయితే వాల్వు సీట్ల మధ్య చీలిక వస్తుంది. బానెట్ తెరిచి లేదా క్యాబిన్ ఎత్తి గాలి ఆడనివ్వండి. క్యాబిన్ ఎత్తే ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, లోపలి సామాను సర్దుకోండి.

కూలెంట్ దొరకలేదు. మామూలు నీళ్లు పోసి నడపొచ్చా?

గమ్యం చేరడానికి నడపొచ్చు, అలాగే వదిలేయకూడదు. కుళాయి నీళ్లలోని ఉప్పు, సున్నం లోపల పేరుకుంటాయి. కూలెంట్‌లోని మందులు పలచబడి తుప్పు మొదలవుతుంది. పెద్ద డీజిల్ ఇంజన్లలో తడి లైనర్లు, అంటే బయటి గోడకు కూలెంట్ నేరుగా తగిలేవి ఉంటాయి. పిస్టన్ కొట్టుడుకు లైనరు కంపించి, దాని బయటి గోడ మీద బుడగలు పుట్టి పగులుతూ గుంటలు చేస్తాయి. అది ఆపేవి కూలెంట్‌లోని రసాయనాలే. ఇంటికి చేరాక మొత్తం దించి, శుద్ధి చేసిన నీళ్లు, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. అలా కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమం మూత లేకుండానే సుమారు 107 డిగ్రీల దాకా మరగదు, మైనస్ 37 దగ్గర గానీ గడ్డకట్టదు. కూలెంట్ రకాన్ని రంగు చూసి నిర్ణయించకండి. డబ్బా మీది ప్రమాణాన్ని మాన్యువల్‌తో పోల్చుకోండి.

చల్లారాక సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరగడం లేదు. ఏమైంది?

రెండు అవకాశాలు ఉన్నాయి. పిస్టన్ పట్టేసి ఉండొచ్చు, లేదా గ్యాస్కెట్ పోయి కూలెంట్ సిలిండర్‌లోకి దిగి ఉండొచ్చు. పదే పదే సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో ద్రవం ఉంటే అది నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజెక్టర్లు విప్పి చేత్తో తిప్పి చూడాల్సిన పని ఇది. బండిని లాగించుకుపోండి.

## బెల్టు ఎందుకు తెగిందో తెలుసుకోవడం

తెగిన బెల్టు చూసి కారణం చెప్పొచ్చా?

చెప్పొచ్చు. అందుకే పాత బెల్టును ముక్కలతో సహా దాచండి. బెల్టు ఎక్కువసార్లు తనంతట తాను తెగదు, ఏదో ఒకటి దాన్ని తెంపుతుంది. ఆ కారణం పట్టుకోకుండా కొత్తది వేస్తే అదీ అదే దారిన పోతుంది.

- అంచులు దారాలు లేచి చీకిపోయి ఉంటే పుల్లీలు ఒకే వరసలో లేవు.
- గీతల వైపు (పుల్లీ గాడుల్లో కూర్చునే వైపు) అద్దంలా నున్నబడి, కాలిన వాసన వస్తే జారుతూ తిరిగింది. టెన్షన్ తక్కువైనా, ఏదైనా పుల్లీ బిగుసుకున్నా ఇలాగే అవుతుంది.
- అడ్డంగా కత్తిరించినట్టు ఒకేచోట తెగితే ఒక్కసారిగా పడిన దెబ్బ అది. ఆల్టర్నేటరో, ఏసీ కంప్రెసరో పట్టేసి ఉండొచ్చు. బిగించేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో ఎక్కించి లోపలి దారాలు తెంపినా కొద్ది రోజుల తర్వాత ఇలాగే తెగుతుంది.
- రబ్బరు మెత్తబడి ఉబ్బి, జిడ్డుగా ఉంటే ఆయిలో డీజిలో కారుతోంది. ఆ లీకు ఆపకుండా కొత్త బెల్టు వేయడం దండగ.
- గీతలు ముక్కలుగా ఊడిపోతే రబ్బరు వయసైపోయింది, లేదా రాయి పడింది.
- బెల్టు తిరగబడి ఉంటే బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనమైంది, లేదా పుల్లీ వంకరైంది.

పగుళ్లు లేవు కాబట్టి బెల్టు మంచిదే అనే మాట పాత నియోప్రీన్ రబ్బరు బెల్టులకు చెల్లింది. ఇప్పటి ఈపీడీఎం అనే రబ్బరు బెల్టులు పగలకుండానే టైరులా అరుగుతాయి. గీతల పక్కలు అరిగి, పుల్లీ పళ్ల కొనలు బెల్టు గాడుల అడుగును తాకుతుంటే పైకి ఎంత బాగున్నా అది అయిపోయిన బెల్టే.

పుల్లీలు, బేరింగులు ఎలా పరీక్షించాలి?

బెల్టు లేనప్పుడే ఇది బాగా తెలుస్తుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ప్రతి పుల్లీని చేత్తో తిప్పండి. ఐడ్లర్ (దేన్నీ నడపకుండా బెల్టుకు దారి మాత్రమే చూపే పుల్లీ) నిశ్శబ్దంగా, నున్నగా తిరగాలి. గరగరమంటే బేరింగు పోయింది. తిప్పగానే చాలాసేపు ఆగకుండా గిర్రున తిరిగినా లోపల గ్రీజు ఎండిపోయిందనే అర్థం. ఆల్టర్నేటర్ కొంచెం బరువుగా, ఒకే తీరుగా తిరగాలి. ఏసీ కంప్రెసర్ పుల్లీ క్లచ్ పడనప్పుడు స్వేచ్ఛగా తిరగాలి.

వాటర్ పంపు పుల్లీని రెండు అంచులు పట్టి ముందుకూ వెనక్కూ ఊపండి. ఆట (వదులు) ఉండకూడదు. పంపు బాడీ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి కూలెంట్ కారుతుంటే లోపలి సీలు పోయింది. ఆ పంపు ఉంచి బెల్టు ఒక్కటే మార్చడం తప్పు పొదుపు.

టెన్షనర్ చేయిని పానాతో పూర్తిగా తిప్పి మెల్లగా వదలండి. ఎక్కడా పట్టకుండా, దడదడలాడకుండా తిరిగి రావాలి. చివరగా ఇంజన్ శక్తితో బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ చూడండి. దాని మధ్య రబ్బరు పొర విడిపోతే బయటి చట్రం జరిగిపోయి బెల్టు పక్కకు పోతుంది. పెద్ద లారీ ఇంజన్లలో రబ్బరుకు బదులు లోపల చిక్కటి ద్రవం ఉండే డ్యాంపర్ ఉంటుంది. దాని మీద సొట్ట గానీ, లీకు మరక గానీ ఉంటే మార్చాలి.

కొత్త బెల్టు కొద్ది రోజుల్లోనే పక్కకు జారిపోతోంది. ఎందుకు?

వరస తప్పింది. రెండు పుల్లీల ముఖాల మీద తిన్నని ఇనుప పట్టీ ఆనించి చూడండి. గీతల బెల్టుకు ప్రతి 300 మిల్లీమీటర్ల దూరానికి 1.6 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. ఆల్టర్నేటర్ బ్రాకెట్ బోల్టులు వదులవడం, వాషరు వేయడం మరచిపోవడం, వేరే మోడల్ పంపు బిగించడం వీటికే ఎక్కువగా ఇలా జరుగుతుంది. పాత బెల్టు దారాలు క్రాంక్ పుల్లీ వెనక చుట్టుకుని ఉన్నా ఇదే గొడవ. అవి లోపలికి పోయి ఆయిల్ సీలును కూడా కోస్తాయి.

## కొత్త బెల్టు వేయడం

బెల్టు మీది నంబరుకు అర్థం ఏమిటి?

ఉదాహరణకు 8పీకే1420 అంటే 8 గీతలు, పీకే రకం, పొడవు 1420 మిల్లీమీటర్లు. పీకేలో గీతకూ గీతకూ మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లు. నంబరు చెరిగిపోతే తెగిన బెల్టు పొడవు కొలిచి కొనకండి, అది సాగి ఉంటుంది. ఇంజన్ నంబరుతో అడగండి. ఏసీ ఉన్న బండికీ లేని బండికీ పొడవు వేరని మరచిపోవద్దు.

బెల్టు ఎక్కించే క్రమం ఏమిటి?

దారి చూపే స్టిక్కరు ఫ్యాన్ కవరు దగ్గర ఉంటుంది. లేకపోతే పాత బెల్టు తీసే ముందే ఫోటో తీసుకోండి. ఇంజన్ చల్లగా, తాళం చెవి జేబులో, బ్యాటరీ నెగటివ్ విప్పి ఉండాలి. పుల్లీ గాడుల్లో ఇరుక్కున్న రబ్బరును తీగ బ్రష్షుతో తుడవండి. తెగిన ముక్క హోసులను, ఫ్యాన్ రెక్కలను, వైర్లను కోసిందేమో చూడండి. టెన్షనర్‌ను పొడవాటి పానాతో తిప్పి పట్టుకుని, అన్ని పుల్లీల మీదా వేసి, చేయి అందే నున్నటి ఐడ్లర్ మీద చివరగా ఎక్కించండి. వదిలాక ప్రతి పుల్లీ దగ్గరా గీతలు గాడుల్లో సరిగ్గా కూర్చున్నాయా వేలితో తడిమి చూడండి. ఒక్క గాడి పక్కకు పడినా అంచు కోసుకుపోతుంది. బ్యాటరీ నెగటివ్ తిరిగి బిగించి, సెల్ఫ్ ఒకసారి తట్టి ఆపి మళ్లీ చూసి, అప్పుడు స్టార్ట్ చేయండి.

తర్వాత మల్టీమీటర్ పెట్టండి. 24 వోల్టుల బండిలో ఇంజన్ నడుస్తుండగా సుమారు 27.5 నుంచి 28.5 వోల్టులు రావాలి, 12 వోల్టుల బండిలో 13.8 నుంచి 14.4.

వీ బెల్టును (గీతలు లేకుండా వీ అక్షరం ఆకారంలో ఉండేదాన్ని) ఎంత బిగించాలి?

రెండు పుల్లీల నడుమ పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 13 మిల్లీమీటర్లు దిగితే చాలు. గేజు ఉంటే అదే మేలు. కొత్త బెల్టు పావుగంట నడిచేసరికే గాడిలో సర్దుకుని వదులవుతుంది కనుక ఇంజన్ ఆపి మళ్లీ బిగించాలి. మరీ బిగిస్తే వాటర్ పంపు బేరింగు పోతుంది. బెల్టు అడుగు పుల్లీ గాడి అడుగును తాకకూడదు. గాడి అడుగు తళతళలాడుతుంటే బెల్టో పుల్లీయో అరిగిపోయింది. జతగా ఉన్న బెల్టుల్లో ఒకటి తెగితే రెండూ మార్చాలి, లేకపోతే పాతది సాగి ఉండటంతో బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.

తాడుతోనో మేజోడుతోనో తాత్కాలికంగా కట్టొచ్చా?

లారీ వాటర్ పంపుకు, ఫ్యాన్‌కు ఆ పట్టు చాలదు. గీతల పుల్లీ మీద అసలు నిలవదు. ఊడి ఫ్యాన్‌లో పడితే రేడియేటర్ కూడా పోతుంది.

ఏసీ కంప్రెసర్ పట్టేసింది. దాన్ని వదిలి చిన్న బెల్టు వేయొచ్చా?

ఏసీ లేని మోడల్‌కు కంపెనీ ఇచ్చిన దారి, పొడవు ఉంటే వేయొచ్చు. సొంతంగా దారి కల్పించేటప్పుడు రెండు చూడాలి. వాటర్ పంపు పుల్లీ చుట్టూ బెల్టు పట్టు తగ్గకూడదు, పంపు తిరిగే దిశ మారకూడదు.

బెల్టు కీచుమంటోంది. సబ్బో స్ప్రేనో రాస్తే పోతుందా?

శబ్దం కాసేపు పోతుంది, కారణం పోదు. నడుస్తున్న బెల్టు మీద నీళ్లు కొంచెం చిలకరించండి. శబ్దం క్షణం తగ్గి మళ్లీ వస్తే పుల్లీల వరస తప్పింది. నీళ్లు పడగానే పెరిగితే టెన్షన్ తక్కువ.

## బెల్టు బాగుంది, వేడి తగ్గడం లేదు

కొత్త బెల్టు వేశాం, అయినా వేడెక్కుతోంది. ముందు ఏం చూడాలి?

బెల్టు దారి. గీతల వైపు తగలాల్సిన పంపుకు వీపు వైపు తగిలితే పంపు వెనక్కి తిరుగుతుంది. బెల్టు తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, కూలెంట్ మాత్రం సరిగా కదలదు. దారి సరిగ్గా ఉంటే కూలెంట్ మట్టం, లోపల చిక్కిన గాలి చూడండి. గాలి తీయడానికి గాలి స్క్రూలు వదులు చేసి, హీటర్ వేడి వైపు తిప్పి, మెల్లగా పోయాలి. స్క్రూ దగ్గర బుడగలు లేని ధార వచ్చాక బిగించాలి. థర్మోస్టాట్ తెరుచుకుని పైహోసు వేడెక్కేదాకా నడిపి, చల్లారాక మళ్లీ మట్టం చూసి నింపాలి.

ఎత్తు ఎక్కితే వేడి, మామూలు రోడ్డు మీద బాగుంది. కొన్నిసార్లు తిరగబడి ట్రాఫిక్‌లోనే వేడి. తేడా ఏమిటి?

ఆగి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో వేడెక్కి, వేగం అందుకోగానే దిగితే గాలి సరిపోవడం లేదు. ఫ్యాన్ క్లచ్‌ను అనుమానించండి. వేడి ఇంజన్‌ను ఆపి ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే గట్టిగా పట్టి ఉండాలి. చాలా చుట్లు స్వేచ్ఛగా తిరిగినా, క్లచ్ మీద నూనె మరక ఉన్నా అది పోయింది.

లోడుతో, ఎత్తు మీద మాత్రమే వేడెక్కితే రేడియేటర్ వేడిని వదల్లేకపోతోంది. ఇంటర్‌కూలర్‌కూ (టర్బో గాలిని చల్లార్చేది) రేడియేటర్‌కూ మధ్య సందులో దుమ్ము, పురుగులు, ఊక చేరి అడ్డుగోడ కడతాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది, అక్కడే మోసపోతారు. ఇంజన్ వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడి గాలితో ఊదాలి. ఎక్కువ ఒత్తిడి నీళ్లు కొడితే రెక్కలు వంగిపోతాయి. ఇంజన్ వేగం పెంచినప్పుడు కింది హోసు చప్పబడుతోందా కూడా చూడండి.

థర్మోస్టాట్ ఎలా పరీక్షించాలి? తీసేసి నడపొచ్చా?

గిన్నెలో నీళ్లు పోసి, అడుగుకు తాకకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద ముద్రించిన వేడి దగ్గర, చాలా డీజిళ్లలో 80 నుంచి 83 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలై, మరో 10 నుంచి 15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. తీసేసి నడపడం వేడికి మందు కాదు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ అడ్డదారిని మూస్తుంది. అది లేకపోతే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోకే తిరిగి వెళ్తుంది.

రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి. హెడ్ గ్యాస్కెట్ పోయినట్టేనా?

ఆ మాట అనే ముందు ఎయిర్ కంప్రెసర్ చూడండి. లారీల్లో బ్రేకు గాలి కంప్రెసర్ హెడ్డు కూడా చాలావరకు అదే కూలెంట్‌తో చల్లబడుతుంది, దాని గ్యాస్కెట్ పోయినా బుడగలే. గాలి మీటరు ఎక్కుతున్నంతసేపు బుడగలు వచ్చి, గాలి నిండాక గవర్నర్ కంప్రెసర్ పని ఆపేయగానే బుడగలు ఆగితే తప్పు కంప్రెసర్‌దే. ఆగకుండా వస్తూనే ఉంటే ఇంజన్ హెడ్డు వైపు చూడాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పైహోసు గట్టిపడటం, తెల్లటి పొగ, ఆయిల్ పాలలా మారడం హెడ్ గ్యాస్కెట్‌కు ఇంకా బలమైన గుర్తులు. ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) చీలినా తెల్లపొగ వస్తుంది, కూలెంట్ తగ్గుతుంది. హెడ్డు విప్పకముందే దాన్ని విడిగా ఒత్తిడి పెట్టి చూడండి.

## ముందు జాగ్రత్త

బెల్టును ఎప్పుడు మార్చాలి, బండిలో ఏం పెట్టుకోవాలి?

మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు మార్చండి. అది కాక ప్రతి ఆయిల్ సర్వీసుకూ గీతల అరుగుదల, టెన్షనర్ మీది గుర్తు చూడండి. గుర్తు హద్దు చివరికి చేరితే బెల్టు సాగిపోయిందని అర్థం. దూరం పోయే బండిలో సరైన నంబరు కొత్త బెల్టు, టెన్షనర్‌కు సరిపడే పానా, రెండు హోసు క్లిప్పులు, కలిపి పెట్టిన కూలెంట్ 10 లీటర్లు, టార్చి ఉండాలి. బెల్టును మడత పెట్టి పనిముట్ల కింద నలగ్గొట్టకండి. ఎండ, డీజిల్ తగలని చోట వదులుగా చుట్టి ఉంచండి. పాత బెల్టును స్టెప్నీగా దాచుకోవడం అలవాటుంటే, అది అరగకముందే తీసినదైతేనే దాచండి.